చర్మంపై బుడిపెలకు లేజర్: చేయించుకునే ముందు, చేయించుకున్న తరువాత

ముఖం మీదో మెడ మీదో చిన్న బుడిపె కనిపించగానే లేజర్‌తో తీయించేస్తే సరిపోతుందని అనుకోవడం ఇప్పుడు మామూలైపోయింది. కాన్సర్ కాని చర్మపు బుడిపెల్లో చాలావాటికి కాంతి చికిత్స చక్కగా పనిచేస్తుందన్నది నిజమే. కుట్లు పడవు, రక్తం పెద్దగా పోదు, చిన్న బుడిపెలైతే కొద్ది నిమిషాల్లోనే పని ముగుస్తుంది. అయితే కత్తితో కోసి తీసిన ముక్కను సీసాలో వేసి పరీక్షకు పంపవచ్చు గానీ, లేజర్ ఆవిరి చేసేసిన బుడిపెను ఎక్కడికీ పంపలేము. అది అసలు ఏమిటో తేల్చుకునే అవకాశం కూడా ఆ పొగతోపాటే పోతుంది. కాబట్టి ఏ యంత్రం మంచిదని వెతకడానికి ముందు ఆ బుడిపె పేరేమిటో తెలుసుకోవాలి. కింద చెప్పబోయే జాగ్రత్తల్లో చాలావాటికి మూలం ఈ ఒక్క విషయమే.

నేను వైద్యవృత్తిలో ఉన్నదాన్ని కాను. బుగ్గల మీద నల్లటి చిన్న బుడిపెలకు రెండుసార్లు ఈ చికిత్స చేయించుకున్నదాన్ని. మొదటిసారి వెళ్లినచోట ఎవరూ భూతద్దంతోనైనా చూడకుండానే మత్తు క్రీము పూసి, అన్నిటినీ ఒకే ఊపులో కాల్చేశారు. బుడిపెలు పోయాయి గానీ వాటి స్థానంలో వచ్చిన గోధుమరంగు మచ్చలు తగ్గడానికి నెలలు పట్టింది. కొన్నేళ్లకు మళ్లీ కొత్తవి వచ్చినప్పుడు ఒక చర్మవైద్య నిపుణురాలి దగ్గరకు వెళ్లాను. ఆమె డెర్మోస్కోప్ అనే ప్రత్యేకమైన భూతద్దంతో ఒక్కొక్క దాన్నీ చూసి, ఒకదాన్ని మాత్రం వేరుగా గుర్తుపెట్టి, దీనికి లేజర్ వద్దు, పైపైన గీకి తీసి బయాప్సీకి పంపుదామని చెప్పారు. నివేదికలో అది హానిలేనిదేనని తేలింది. అయినా ఆమె ఆగి చూసిన ఆ రెండు నిమిషాలే అసలైన చికిత్స అని నాకు అర్థమైంది.

మొదట పేరు తేల్చుకోవాలి

వాడుకలో మనం అన్నిటినీ పులిపిర్లు అనో మచ్చలు అనో అనేస్తాం గానీ, వైద్యుల లెక్కలో అవి ఒక్కొక్కటీ ఒక్కొక్క జాతి. మెడ, చంకలు, గజ్జల దగ్గర సన్నని కాడతో వేలాడే మెత్తటి పులిపిరిని స్కిన్ ట్యాగ్ అంటారు. బుగ్గల మీదా, కళ్ల పక్కనా ఆవగింజల్లా పుట్టుకొచ్చే నల్లని బుడిపెలను డెర్మటోసిస్ పాప్యులోసా నైగ్రా అంటారు. ఇవి చామనఛాయ, నలుపు రంగు చర్మం గలవారిలో ఎక్కువగా, తరచు కుటుంబంలో పలువురికి కనిపిస్తాయి. నడివయసు దాటాక వీపు మీదా, ఛాతీ మీదా మైనం ముద్ద అతికించినట్టు గరుకుగా కనిపించేది సెబోరిక్ కెరటోసిస్. చేతివేళ్ల మీదా, అరికాళ్లలోనూ వచ్చే గరుకు పులిపిర్లు హ్యూమన్ పాపిలోమా వైరస్ వల్ల వస్తాయి. వాటి పైపొరను కాస్త గీకి చూస్తే లోపల నల్లటి చుక్కలు కనిపిస్తాయి. అవి గడ్డకట్టిన సూక్ష్మ రక్తనాళాలు. ఎర్రటి చుక్కల్లా మెరిసేవి చెర్రీ యాంజియోమాలు, కింది రెప్పల దగ్గర చర్మం రంగులోనే వరుసగా వచ్చేవి చాలావరకు స్వేదనాళాల నుంచి పుట్టే సిరింగోమాలు. ముక్కు వైపు కనురెప్పల మీద పసుపు పచ్చగా పరుచుకునేవి జాంథెలాస్మాలు. ఇవి ఉన్నవారు లేజర్‌కు ముందు రక్తంలో కొవ్వుల పరీక్ష చేయించుకోవాలి. అందరిలోనూ కొవ్వు ఎక్కువగా ఉండకపోవచ్చు, కానీ ఎక్కువగా ఉన్నవారికి అది గుండెకు సంబంధించిన ముందస్తు హెచ్చరిక అవుతుంది.

పేరు తేల్చడం ఎంత సున్నితమైన పనో చెప్పడానికి ఒక ఉదాహరణ చాలు. నుదుటి మీద, మధ్యలో చిన్న గుంటతో, పసుపు ఛాయలో ఉండే సెబేషియస్ హైపర్‌ప్లేసియా అనే నూనెగ్రంథుల బుడిపె పూర్తిగా హానిలేనిది. బేసల్ సెల్ కార్సినోమా అనే చర్మ కాన్సర్ కూడా తొలిదశలో దాదాపు అలాగే కనిపించగలదు. మామూలు కంటికి రెండిటికీ తేడా దొరకదు. పది రెట్లు పెద్దదిగా చూపే డెర్మోస్కోప్ కింద రక్తనాళాల అమరిక చూసి అనుభవం ఉన్నవారు చాలావరకు చెప్పగలరు. అప్పటికీ సందేహం తీరకపోతే బయాప్సీ ఒక్కటే దారి.

వైద్యుల దగ్గరకు వెళ్లే ముందు ఇంట్లో చేయవలసిన పని ఒకటి ఉంది. తీయించుకోవాలనుకున్న ప్రతి బుడిపెనూ పగటి వెలుతురులో, పక్కన స్కేలు పెట్టి, తేదీ గుర్తుండేలా ఫోటో తీసి పెట్టుకోవాలి. అది ఎప్పుడు మొదలైంది, ఎంతకాలంగా అదే పరిమాణంలో ఉంది, ఎప్పుడైనా రక్తం వచ్చిందా, దురద పెట్టిందా అన్నది రాసుకోవాలి. వైద్యులు మొదట అడిగేవి ఇవే. గదిలో కూర్చున్నాక ఆలోచిస్తే సరిగా గుర్తుకు రావు.

కొన్నిటి విషయంలో మాత్రం లేజర్ మాట ఎత్తకుండా ముందు పరీక్షకే పట్టుబట్టాలి. రెండు సగాలూ ఒకేలా లేని మచ్చ, అంచులు వంకరటింకరగా ఉన్న మచ్చ, ఒకే మచ్చలో రెండు మూడు రంగులు కలిసినది, 6 మిల్లీమీటర్ల కంటే పెద్దది, వారాల్లోనో నెలల్లోనో మారుతున్నది మెలనోమా అనే ప్రమాదకరమైన కాన్సర్‌కు సూచన కావచ్చు. వీటిలో మార్పు అన్నదానికే నేను ఎక్కువ విలువ ఇస్తాను, ఎందుకంటే చిన్న మచ్చ కూడా మారుతూ ఉంటే అనుమానించవలసిందే. ముదురు రంగు చర్మం గలవారిలో మెలనోమా అరుదే అయినా, వచ్చినప్పుడు తరచు అరికాలులోనో, అరచేతిలోనో, గోరు కిందో వస్తుంది. ఆ చోట్ల నల్లమచ్చను పులిపిరి అనుకొని కాల్పించుకోవడం వల్ల జరిగే ఆలస్యం ప్రాణం మీదకు తెస్తుంది. వేగంగా పెరిగి, ముట్టుకుంటే చాలు రక్తం కారే ఎర్రటి కండ కూడా ముందు పరీక్షకు వెళ్లవలసినదే. మానకుండా మళ్లీ మళ్లీ పక్కు కట్టే పుండు సంగతీ అంతే. ఉన్నట్టుండి తక్కువ కాలంలో ఒంటినిండా సెబోరిక్ కెరటోసిస్‌లు పుట్టుకొస్తే వాటిని తీయించడం తరువాత సంగతి, ముందు లోపలి అవయవాలను పరీక్షించమని వైద్యులను అడగాలి.

ఇక పుట్టుమచ్చలు. వాటిని లేజర్‌తో తీయవద్దనే నా గట్టి అభిప్రాయం, చాలామంది నిపుణులు చెప్పేదీ అదే. పుట్టుమచ్చలోని కణాలు చర్మం లోతు వరకు దిగి ఉంటాయి. లేజర్ పైభాగాన్ని మాత్రమే చెరిపితే లోపల మిగిలినవి కొన్ని నెలలకు మళ్లీ రంగు పోసుకుంటాయి, అలా తిరిగి వచ్చిన మచ్చ సూక్ష్మదర్శిని కింద కూడా మెలనోమాను పోలి ఉండి పరీక్షించేవారిని గందరగోళంలో పడేస్తుంది. అందం కోసం తీయించుకోవాలన్నా, కోసి తీయించుకొని ఆ ముక్కను పరీక్షకు పంపడమే మేలు.

ఏ బుడిపెకు ఏ కాంతి

ఎండలో ఆరేసిన నల్లగుడ్డ తెల్లగుడ్డ కంటే త్వరగా వేడెక్కుతుంది. చర్మ లేజర్ల పని అంతా ఈ సూత్రం మీదే నడుస్తుంది. చర్మంలో కాంతిని పీల్చుకునేవి ప్రధానంగా మూడు: నీరు, రక్తంలోని హిమోగ్లోబిన్, రంగునిచ్చే మెలనిన్. ఒక్కొక్కటీ ఒక్కొక్క తరంగదైర్ఘ్యాన్ని ఎక్కువగా పీల్చుకుంటుంది. సరైన తరంగదైర్ఘ్యాన్ని ఎంచి, లక్ష్యం వేడెక్కి ఆ వేడి పక్కకు పాకేలోపే ముగిసేంత చిన్న తునకగా కాంతిని పంపితే, చుట్టూ ఉన్న చర్మం పెద్దగా దెబ్బతినకుండా లక్ష్యం మాత్రమే నశిస్తుందని 1983లో ఆండర్సన్, పారిష్ అనే శాస్త్రజ్ఞులు వివరించారు. ఈనాటి యంత్రాలలో ఎక్కువభాగం ఆ ఆలోచన నుంచి పుట్టినవే.

ఉబ్బెత్తుగా ఉన్న బుడిపెలకు ఎక్కువగా వాడేది కార్బన్ డయాక్సైడ్ లేజర్. 1964లో బెల్ ప్రయోగశాలలో కుమార్ పటేల్ రూపొందించిన ఈ లేజర్ కాంతి తరంగదైర్ఘ్యం 10,600 నానోమీటర్లు. అది కంటికి కనిపించదు, నీటిని చూస్తే వదలదు. కణాల్లో ఎక్కువభాగం నీరే కనుక తగిలినచోట కణజాలం క్షణంలో ఆవిరైపోతుంది, ఆ వేడికి చిన్న రక్తనాళాలు మూసుకుపోవడం వల్ల రక్తం కూడా పెద్దగా రాదు. సెబోరిక్ కెరటోసిస్, పులిపిర్లు, సిరింగోమాలు, జాంథెలాస్మాలు తీయడానికి ఇది పనికివస్తుంది. 2,940 నానోమీటర్ల ఎర్బియం యాగ్ లేజర్‌ను నీరు ఇంకా ఎక్కువగా పీల్చుకుంటుంది కాబట్టి అది మరింత పలుచని పొరలుగా తీస్తుంది, చుట్టుపక్కలకు వేడి తక్కువ పాకుతుంది. దాంతో గాయం త్వరగా మానుతుంది గానీ రక్తం ఆపే శక్తి తక్కువ.

ఎర్రటి బుడిపెలకు లక్ష్యం రక్తం. 585 లేక 595 నానోమీటర్ల పల్స్‌డ్ డై లేజర్, 532 నానోమీటర్ల కేటీపీ లేజర్ హిమోగ్లోబిన్‌ను వేడెక్కించి నాళాన్ని లోపలి నుంచే మూసివేస్తాయి. చెర్రీ యాంజియోమాలకు ఇవి బాగా సరిపోతాయి. పసిపిల్లల్లో వచ్చే హెమాంజియోమా అనే రక్తనాళాల గడ్డ విషయం వేరు. చాలావరకు అవి వాటంతటవే తగ్గిపోతాయి, చికిత్స తప్పనిసరైనప్పుడు కూడా ముందు ఆలోచించేది ప్రొప్రనొలాల్ మందు గురించే. కాబట్టి పసిబిడ్డను నేరుగా లేజర్ గదికి తీసుకువెళ్లకుండా పిల్లల వైద్యులకు చూపించాలి.

ఐపీఎల్ (ఇంటెన్స్ పల్స్‌డ్ లైట్) అని పిలిచేది లేజర్ కాదు. లేజర్‌ది ఒకే తరంగదైర్ఘ్యం, ఐపీఎల్ దీపం సుమారు 500 నుంచి 1,200 నానోమీటర్ల వరకు అనేక తరంగాలను కలిపి పంపుతుంది, వడపోత అద్దాలతో కొన్నిటిని ఆపుతారు. చదునైన రంగుమచ్చలకు, సన్నని ఎర్ర నాళాలకు ఇది ఉపయోగపడుతుంది. ఉబ్బిన బుడిపెలను తొలగించేది ఇది కాదు. ముదురు రంగు చర్మం మీద కాల్చే ప్రమాదం కూడా దీనితో ఎక్కువే.

ఫోటోడైనమిక్ చికిత్సను కూడా కాంతి చికిత్సల్లోనే చేర్చి చెబుతుంటారు కనుక దాని గురించి క్లుప్తంగా: చర్మానికి అమినోలెవులినిక్ ఆమ్లం అనే మందు పూసి, కణాలు దాన్ని కాంతికి స్పందించే పదార్థంగా మార్చుకున్నాక నీలి లేక ఎర్రని కాంతి ప్రసరింపజేస్తారు. దీన్ని ప్రధానంగా ఎండ దెబ్బతో వచ్చే, కాన్సర్‌గా మారే అవకాశం ఉన్న యాక్టినిక్ కెరటోసిస్‌కు వాడతారు. మొండి పులిపిర్లకూ, నూనెగ్రంథుల బుడిపెలకూ కొందరు వైద్యులు వాడుతున్నారు. చేయించుకున్న తరువాత దాదాపు రెండు రోజులు ఎండకే గాక ఇంట్లోని తీవ్రమైన దీపాలకు కూడా ఆ భాగాన్ని దూరంగా ఉంచాలి. ఈ నియమం పాటించడం కష్టమైతే ఆ చికిత్సకు ఒప్పుకోకపోవడమే మంచిది.

ప్రతి బుడిపెకూ లేజర్ అవసరమని కూడా అనుకోనక్కరలేదు. కాడ ఉన్న స్కిన్ ట్యాగ్‌ను శుభ్రమైన కత్తెరతో వైద్యులు ఒక్క క్షణంలో తీసేస్తారు. వైరస్ పులిపిర్లకు సాలిసిలిక్ ఆమ్లం, ద్రవ నత్రజనితో గడ్డకట్టించడం ముందు ప్రయత్నించవలసినవి, వాటికి లొంగనివాటికే లేజర్. విద్యుత్తుతో వేడెక్కే సన్నని సూదితో కాల్చే ఎలక్ట్రోకాటరీ కూడా చిన్న నల్ల బుడిపెలకు లేజర్‌తో సమానమైన ఫలితమే ఇవ్వగలదు. "దీనికి లేజర్ అక్కరలేదమ్మా" అని చెప్పగలిగిన వైద్యులు దొరికితే, అక్కరైనప్పుడు వారి చేతికే ముఖాన్ని నమ్మకంగా అప్పగించవచ్చు.

చర్మం రంగు, పరీక్షా చుక్క

కాంతిని పీల్చుకునే మూడు పదార్థాల్లో మెలనిన్ ఒకటి అని పైన చెప్పాను. బుడిపె చుట్టూ ఉన్న మామూలు చర్మంలోనూ మెలనిన్ ఉంటుంది. చర్మం ముదురు రంగులో ఉన్నప్పుడు, ముఖ్యంగా తక్కువ తరంగదైర్ఘ్యాల లేజర్లతో, లక్ష్యాన్ని చేరవలసిన కాంతిలో కొంతభాగాన్ని పైచర్మమే పీల్చుకుని కాలుతుంది. నీటిని లక్ష్యంగా చేసుకునే లేజర్లలో ఈ చిక్కు లేకపోయినా, గాయం ఏదైనా సరే ముదురు చర్మం దానికి స్పందించి అదనంగా రంగు తయారుచేస్తుంది. నా బుగ్గల మీద నెలల తరబడి ఉన్న గోధుమరంగు మచ్చలు అలా వచ్చినవే. ఇవి క్రమంగా తగ్గుతాయి. మోతాదు మించి లోతుగా కాల్చినప్పుడు రంగు తయారుచేసే కణాలే పోయి వచ్చే తెల్లమచ్చలు మాత్రం తేలికగా తగ్గవు.

అందువల్ల ముఖం మీద అనేక బుడిపెలు ఉన్నవారు అన్నిటినీ ఒకేరోజు తీయించుకోకుండా, చెవి ముందో దవడ కిందో పెద్దగా కనపడనిచోట ఒకటి రెండింటికి మాత్రం చేయించుకొని నాలుగు నుంచి ఆరు వారాలు ఆగి చూడాలి. దీన్నే పరీక్షా చుక్క అంటారు. మచ్చ మిగలకపోతే అదే అమరికతో తక్కినవి చేయించుకోవచ్చు, మిగిలితే శక్తిని తగ్గించుకోవచ్చు. పెళ్లో ప్రయాణమో దగ్గర పడ్డాక పరుగెత్తుకెళ్లేవారికి ఈ ఓపిక ఉండదు. కనీసం రెండు మూడు నెలల ముందు మొదలుపెట్టడమే దానికి ఉపాయం.

ముందు రోజుల్లో

వైద్యులకు దాచకుండా చెప్పవలసినవి కొన్ని ఉన్నాయి. గాయమైన చోట చర్మం గట్టిగా ఉబ్బి కెలాయిడ్ ఏర్పడే తత్వం మీకో మీ తోబుట్టువులకో ఉంటే చెప్పాలి, ముఖ్యంగా ఛాతీ, భుజాలు, దవడ అంచుల్లో బుడిపెలు తీయించుకునేవారు. మొటిమలకు ఐసోట్రెటినాయిన్ మాత్రలు వాడుతున్నా, ఈ మధ్య వాడి మానేసినా చెప్పాలి. పెదవుల దగ్గర అప్పుడప్పుడు హెర్పిస్ పొక్కులు వచ్చేవారికి ఆ ప్రాంతంలో లేజర్ చేస్తే అవి తిరగబెట్టవచ్చు కనుక ముందుగానే మాత్రలు ఇస్తారు. రక్తం పలచబడే మందులు వాడేవారు వాటిని సొంతంగా ఆపకూడదు. మందు ఆపడం వల్ల గుండెకో మెదడుకో వచ్చే ముప్పు ముందు చిన్న బుడిపె దగ్గర కారే రక్తపు చుక్క లెక్కలోకి రాదు. మధుమేహం అదుపులో లేకపోతే అదుపులోకి వచ్చాకే చేయించుకోవడం మంచిది, గాయం మానడం దాని మీద ఆధారపడి ఉంటుంది. గర్భిణులకు ఆ నెలల్లో కొత్త పులిపిర్లు, ఎర్రచుక్కలు రావడం సహజం, వాటిలో కొన్ని కాన్పు తరువాత వాటంతటవే తగ్గుతాయి గనుక అప్పటిదాకా ఆగవచ్చు.

ఎండకు కమిలిన చర్మం మీద లేజర్ చేయించుకోకూడదు. కనీసం నాలుగు వారాల ముందు నుంచి ఎస్‌పీఎఫ్ 30 లేక అంతకుమించిన సన్‌స్క్రీన్ రోజూ రాసుకోవాలి. చర్మాన్ని ఒలిపించే రెటినాయిడ్, ఆమ్లాల క్రీములు ఎప్పుడు ఆపాలో వైద్యులను అడిగి ఆపాలి. ఆరోజు ముఖానికి ఏమీ పూసుకోకుండా, జుట్టు తడి ఆరాక, నగలు తీసి వెళ్లాలి.

మత్తు క్రీము గురించి ఒక హెచ్చరిక. లిడోకెయిన్, ప్రిలోకెయిన్ కలిసిన క్రీమును పూసి పైన పలుచని ప్లాస్టిక్ కప్పి 45 నుంచి 60 నిమిషాలు ఉంచడం మామూలే. దాన్ని ఇంట్లోనే ఒంటి మీద పెద్ద భాగానికి పూసుకొని, ప్లాస్టిక్ చుట్టుకొని బయలుదేరడం మాత్రం ఎంతమాత్రం తగదు. మందు ఎక్కువగా రక్తంలో కలిస్తే మూర్ఛ రావచ్చు, గుండె లయ తప్పవచ్చు. ఎంత పూయాలో, ఎంతసేపు ఉంచాలో చికిత్స చేసేచోటే చూసుకోనివ్వాలి.

చికిత్స గదిలో

పడుకోగానే మొదట కళ్లు మూసేస్తారు, మూయకపోతే అడగాలి. గదిలో ఉన్న ప్రతి ఒక్కరికీ ఆ లేజర్ తరంగదైర్ఘ్యానికి సరిపడే కళ్లద్దాలు ఉండాలి. ఒక లేజర్ అద్దాలు మరొకదానికి పనికిరావు. కనురెప్ప మీదే బుడిపె ఉంటే బయటి అద్దాలు చాలవు, చుక్కల మందుతో మత్తు ఇచ్చి రెప్పల కింద లోహపు కవచం పెట్టాలి. చర్మం తుడిచిన స్పిరిట్ పూర్తిగా ఆరిందో లేదో చూడాలి, తడిగా ఉండగా లేజర్ తగిలితే మంట అంటుకుంటుంది. పక్కనే పొగను పీల్చే గొట్టం నడుస్తూ ఉండాలి. వైరస్ పులిపిర్లను కాల్చినప్పుడు వచ్చే పొగలో ఆ వైరస్ డీఎన్‌ఏ ఉన్నట్టు పరీక్షల్లో తేలింది. అది రోగికంటే కూడా రోజూ ఆ గదిలో నిలబడే సిబ్బందికి సంబంధించిన జాగ్రత్త, వారి మేలు కోరి కూడా మనం గమనించవలసిందే.

రెండోసారి నా బుడిపెలు తీస్తున్నప్పుడు సహాయకురాలు ప్రతి అడుగూ చెబుతూ వచ్చారు. చిటుక్కుమన్న చిన్న చప్పుడు, వేడి సూది తాకినట్టు ఒక చురుకు, వెంట్రుక కాలిన వాసన. ఆ వెంటనే సెలైన్‌లో తడిపిన గాజుగుడ్డతో వైద్యురాలు ఆ చోటును మెల్లగా తుడిచారు. మొదటి కాంతి తునక తగిలాక బుడిపె బూడిదరంగు పొక్కులా మారి, తుడవగానే ముద్దగా ఊడి వచ్చిందట. కింద గులాబీరంగు నున్నని చర్మం కనిపించగానే ఆమె చేయి ఆగింది. కొద్దిగా గోధుమరంగు మిగిలి ఉన్నచోట మాత్రం శక్తి తగ్గించి ఇంకొక్కసారి తాకించారు. నైపుణ్యమంతా ఆ ఆగడంలోనే ఉందని ఆమె తరువాత వివరించారు. సెబోరిక్ కెరటోసిస్, నల్ల బుడిపెలు పైచర్మానికే పరిమితమైనవి. గులాబీరంగు దాటి లోతుకు పోతే బుడిపెతో పని అయిపోయాక కూడా చర్మాన్ని కాలుస్తున్నట్టే, అక్కడే గుంటలూ తెల్లమచ్చలూ మొదలవుతాయి. సిరింగోమాల వేళ్లు లోపలి చర్మంలో ఉంటాయి కనుక వాటిని ఒకే విడతలో సమూలంగా తీయాలని చూస్తే మచ్చ పడుతుంది. కొంత మిగిల్చి, రెండు మూడు విడతల్లో చదును చేయించుకోవడమే తెలివైన పని.

రక్తనాళాల లేజర్ అనుభవం వేరుగా ఉంటుంది. రబ్బరు బ్యాండు లాగి వదిలినట్టు తగులుతుంది, ఆ చోటు కమిలి ఊదారంగుకు తిరుగుతుంది. పల్స్‌డ్ డై లేజర్ తరువాత ఆ కమిలిన రంగు ఒకటి రెండు వారాలు ఉండవచ్చు, అది చికిత్స పనిచేసిందనడానికి గుర్తే గాని భయపడవలసినది కాదు.

ఇంటికి వచ్చాక

తొలిరోజు కొంచెం మంటగా, వాపుగా ఉంటుంది. శుభ్రమైన గుడ్డలో చుట్టిన చల్లని ప్యాక్‌ను కొద్ది నిమిషాలపాటు ఆనిస్తే ఉపశమనం కలుగుతుంది, మంచుముక్కను నేరుగా చర్మానికి తాకించకూడదు. మరునాటి నుంచి రోజుకు రెండుసార్లు మామూలు నీటితో, ఘాటు లేని సబ్బుతో మెల్లగా కడిగి, అద్ది తుడిచి, పెట్రోలియం జెల్లీని పలుచగా రాయాలి. గాయాన్ని ఆరబెడితే త్వరగా మానుతుందని మనలో చాలామంది నమ్మకం. నిజానికి తడి ఆరకుండా జెల్లీ కింద ఉన్న గాయమే త్వరగా, మచ్చ తక్కువగా మానుతుంది. వైద్యులు రాయకుండా యాంటీబయాటిక్ పూతలు వాడవద్దు, నియోమైసిన్ లాంటివి కొందరికి దద్దుర్లు తెస్తాయి. పసుపు, నిమ్మరసం, టూత్‌పేస్టు వంటివి పచ్చిగాయానికి పూయడం వల్ల జరిగేది కీడే.

రెండు మూడు రోజులకు సన్నని నల్లని పక్కు కడుతుంది. దాన్ని గిల్లకూడదు. ఈ ఒక్క మాట పాటించడం ఎంత కష్టమో నాకు తెలుసు, ముఖం కడుక్కునేటప్పుడు అంచు లేచిన పక్కు వేలికి తగిలితే లాగేయాలనిపిస్తుంది. గోళ్లు పొట్టిగా కత్తిరించుకుని, పక్కు మీద జెల్లీ ఉండేలా చూసుకుంటే ఆ కోరిక చాలావరకు తగ్గుతుంది. ముఖం మీద వారం పదిరోజుల్లో పక్కు తనంతట తానే రాలుతుంది, ఛాతీ వీపుల మీద అంతకంటే ఎక్కువ, కాళ్ల మీద ఇంకా ఎక్కువ రోజులు పడుతుంది. రాలాక కనిపించే గులాబీరంగు చర్మం కొన్ని వారాలపాటు అలాగే ఉంటుంది.

మచ్చ పడుతుందా లేదా అన్నది ఎక్కువగా ఆ వారాల్లోనే తేలుతుంది. పక్కు రాలిన రోజు నుంచి కనీసం రెండు మూడు నెలలు సన్‌స్క్రీన్ మానకూడదు. ఉదయం ఒకసారి రాసి మరిచిపోకుండా, బయట ఉన్నంతసేపూ రెండు గంటలకొకసారి మళ్లీ రాయాలి, గొడుగో టోపీయో వెంట ఉండాలి. ముదురు రంగు చర్మానికి అతినీలలోహిత కిరణాలే కాదు, కంటికి కనిపించే కాంతి కూడా రంగు ఎక్కిస్తుంది. అందుచేత ఐరన్ ఆక్సైడ్ కలిసిన రంగు సన్‌స్క్రీన్ మామూలుదానికంటే ఎక్కువ రక్షణ ఇస్తుంది. అప్పటికీ గోధుమమచ్చ వస్తే కంగారుపడి రకరకాల తెల్లబరిచే క్రీములు కొనుక్కోకుండా వైద్యులకు చూపించాలి. స్టెరాయిడ్ కలిసిన క్రీములు మొదట మచ్చ తగ్గించినట్టే కనిపించి, తరువాత చర్మాన్ని పలుచబరచి కొత్త సమస్యలు తెచ్చిపెడతాయి.

నొప్పి రోజురోజుకూ తగ్గకుండా పెరుగుతున్నా, చీము కనిపించినా, ఎరుపు గాయం అంచులు దాటి పాకుతున్నా, జ్వరం వచ్చినా, నీటిపొక్కులు గుంపుగా లేచినా ఆలస్యం చేయకుండా వైద్యులను కలవాలి. కంటి దగ్గర చికిత్స తరువాత చూపు మసకబారితే ఆ రోజే కంటి వైద్యులకు చూపించాలి.

ఇంట్లో వాడుకోమని అమ్మే పరికరాల గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు. ఎల్‌ఈడీ ముసుగులు బుడిపెలను తీయలేవు. ఇంటి ఐపీఎల్ పరికరాన్ని పుట్టుమచ్చలు, నల్లబుడిపెల మీదుగా నడపకూడదు. బుడిపెలను కాల్చే పెన్నులకు లోతు మీద అదుపు ఉండదు, అన్నిటికంటే ముఖ్యంగా అవి తీస్తున్నది ఏమిటో చెప్పేవారు పక్కన ఉండరు.

తిరిగి రావడం గురించి కూడా ముందే తెలిసి ఉండాలి. సెబోరిక్ కెరటోసిస్, నల్ల బుడిపెలు తీసినచోట తిరిగి రావడం తక్కువేగానీ, ఆ తత్వం ఉన్న చర్మం కొత్తచోట కొత్తవాటిని పుట్టిస్తూనే ఉంటుంది. వైరస్ పులిపిర్ల సంగతి వేరు. చుట్టూ బాగున్నట్టు కనిపించే చర్మంలోనూ వైరస్ మిగిలి ఉండగలదు గనుక అవి అదేచోట తిరిగి రావచ్చు. జాంథెలాస్మాలు కూడా కొన్నేళ్లకు మళ్లీ రావడం సాధారణం. తీసినచోటే మళ్లీ ఏదైనా లేస్తే, ముఖ్యంగా నల్లరంగులో లేస్తే, రెండోసారి లేజర్ తగిలించవద్దు. ఈసారి కోసి పరీక్షకు పంపమని అడగాలి.

ఆరు వారాలకు తిరిగి చూపించుకోవడానికి వెళ్లేటప్పుడు మొదట తీసుకున్న ఫోటోలను వెంట తీసుకువెళ్లండి, అదే వెలుతురులో అదే దూరం నుంచి కొత్త ఫోటోలు తీసి పక్కపక్కన పెట్టండి. బయాప్సీకి పంపినది ఏదైనా ఉంటే ఆ నివేదిక ప్రతిని అడిగి తీసుకొని, ఏ లేజర్‌ను ఏ అమరికతో వాడారో రాయించుకొని రెండిటినీ ఒకేచోట దాచుకోండి. రెండోసారి చికిత్స తరువాత నేను దాచుకున్న అలాంటి కాగితం చూసే, ఆ తరువాత కలిసిన కొత్త వైద్యులు పరీక్షా చుక్కను ఎక్కడ నుంచి మొదలుపెట్టాలో నిర్ణయించారు.